కప్పిన పిడికిలి

ఐర్లాండ్‌లోని నేవన్ ఊళ్లో మా అమ్మాయిని ఈతకు దింపి వస్తుంటే, పక్క హాల్లోంచి రబ్బరు మ్యాట్ల వాసన వచ్చింది. చిన్నప్పటి కుంగ్‌ఫూ క్లాసు ఒక్కసారిగా గుర్తొచ్చింది.

నాన్నకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి మేము ఐర్లాండ్ చేరిన ఏడాది అది. బడిలో నన్ను రోజూ తోసేసే నీవ్ అనే అమ్మాయి, కుంగ్‌ఫూ క్లాసులో నాకు ఎదురుగా నిలబడింది. కుడి పిడికిలి బిగించి, ఎడమ అరచేత్తో కప్పి, నా కళ్లలోకి చూసింది. కొడతానని బెదిరిస్తోందనుకున్నాను. ఏం చేయాలో తోచక, ఇంట్లో పెద్దలకు దండం పెట్టినట్టు చేతులు జోడించాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

చైనా నుంచి వచ్చిన మా టీచర్ మాత్రం నవ్వలేదు.

"గ్రాండ్, ఏం పర్లేదు, నీవ్ పెట్టిందీ దండమే," అంది నాతో. "పిడికిలంటే బలం. దాన్ని కప్పిన చెయ్యి, నీకు హాని చెయ్యనని మాటివ్వడం. మా పూర్వీకులు ఎదురుపడితే ఇలాగే పలకరించుకునేవాళ్లు."

నీవ్ ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

మర్నాడు బడి వరండాలో ఆమె ఎదురొస్తుంటే గోడకు అతుక్కుపోయాను. నీవ్ ఆగింది. చుట్టూ చూసి, గబుక్కున పిడికిలిని అరచేత్తో కప్పి, వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ తోయలేదు.

మేము స్నేహితులం కాలేదు. అంత అవసరం లేదని పెద్దయ్యాక తెలిసింది.