చొక్కా తగిలిన బంతి

విజయవాడ నుంచి బందరు వెళ్లే బస్సులో, పామర్రులో ఎక్కిన నజీరా గారనే పెద్దావిడ నా పక్కన కూర్చున్నారు. నా ఒళ్లో ఉన్న పొడవాటి పెట్టె చూసి, "చేపల గాలమా బాబూ?" అని అడిగారు.

"స్నూకర్ ఆడే కర్రండీ," అన్నాను. మాది అనంతపురం. కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉండి, ఆ ఆటే బతుకుగా ఆడాను. ఇప్పుడు కొత్తగా పెట్టిన ఓ క్లబ్బులో నేర్పడానికి బందరు వెళ్తున్నానని ఆవిడతో అన్నాను.

"మరి ఆడటం ఎందుకు మానేశారు?"

చెప్పాను. అక్కడ ఆడిన ఆఖరి ఏడాది, చివరి పోటీ గెలిస్తేనే నేను ప్రొఫెషనల్‌గా కొనసాగగలను. గెలుపు అంచుదాకా వచ్చాక, వంగి కొట్టబోతుంటే నా చొక్కా చెయ్యి ఓ ఎర్ర బంతికి తగిలింది. అలా తగిలితే తప్పు కింద లెక్క. రిఫరీ చూడలేదు. నేనే చెప్పాను. మా ఆటలో ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవడం మామూలే. దాంతో అవకాశం అవతలివాడికి వెళ్లింది, అతనే గెలిచాడు.

ఈ సంగతి విని కొందరు మెచ్చుకునేవారు, కొందరు నవ్వేవారు. ఆవిడ మాత్రం, "గెలిచినాయన మిమ్మల్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టాడా?" అని అడిగారు.

"చెయ్యి కలిపాడండీ."

"అంతేనా!" ఆవిడ నిజంగానే నొచ్చుకున్నారు.

బందరు బస్టాండులో దిగాక నన్ను వదల్లేదు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల పులుసుతో భోజనం చేశాను. వడ్డిస్తూ భర్తతో, "ఎవరూ చూడకపోయినా తప్పు తనే చెప్పేశాడంటండీ ఈ బాబు," అని పరిచయం చేశారు. అప్పటిదాకా ఎక్కడికెళ్లినా నా పరిచయం 'ఒకప్పుడు ఆడేవాడు' అనే. నేను మొహమాటపడకుండా మారు వడ్డించుకున్నాను.