పెళ్లికార్డుల వీపున బ్యాక్టీరియా

మా మనవరాలు బ్యాక్టీరియా మీద పేకాట తయారుచేస్తోందని నాకు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఎదురింటి భాయ్ చెప్పాడు. అదీ పాలదుకాణం ముందు, నలుగురూ వింటుండగా.

"నీ మనుమరాలిది మస్తు దిమాగ్ భాయ్! మా ఇంట్లనే కూసొని చేస్తుంది. నువ్వు చూడలేదా ఏంది?"

చూశానని అబద్ధమాడి ఇంటికొచ్చాను. మా ఆవిడకు తెలుసు, కోడలికి తెలుసు. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు అట. సూక్ష్మజీవుల సంగతులు చిన్న పిల్లలకు ఆటలో పెట్టి నేర్పాలట. కాలేజీ నుంచి రాగానే రోజూ భాయ్ ఇంట్లోనే కూర్చుంటోందట. ఛత్రినాకలో మా గల్లీ వెడల్పెంతని? ఆటో వస్తే గోడకు అతుక్కుని నిలబడాలి. ఆ గల్లీ దాటి వెళ్లగలిగిన పిల్ల, వాకిట్లో ఉన్న నా మంచం దాకా రాలేకపోయింది.

భాయ్ సర్కారు దవాఖానా ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. గాజుపలక మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూసేవాడు. మాటకు ముందు "నేను కండ్లతోటి చూసిన" అంటాడు. చూశాడు, కాదనను. నేను చదివాను. ఈ రెంటిలో చూడటమే గొప్పని ఎవరు తీర్మానించారో నాకు అర్థం కాదు.

నాలుగో తరగతిలోనే నన్ను బడి మానిపించారు. ఆ తరువాత బతుకంతా పాత కాగితాల దుకాణంలో గడిచింది. తూకానికి వచ్చిన ఏ పుస్తకాన్నీ చదవకుండా కట్ట కట్టలేదు నేను. డాక్టరీ చదివే పిల్లలెవరో పారేసిన లావుపాటి పుస్తకం ఒకటి వస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకుని రోగాలన్నీ చదివాను. చికిత్సలు రెండో భాగంలో ఉన్నాయని చివరి పేజీలో వేశారు. ఆ రెండో భాగం నా దుకాణానికి ఎన్నడూ రాలేదు. అయితేనేం, కలరా గురించీ క్షయ గురించీ ఈ గల్లీలో నాకంటే ఎవరికి తెలుసు? భాయ్‌కా? ఆయన రోగం ఉంది, లేదు అని రిపోర్టు రాసేవాడు. అంతే.

ఆ సాయంత్రం మనవరాలు నా దగ్గరికే వచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"తాతా, నీ దగ్గర పాత పెండ్లికార్డులు ఉన్నయ్ గదా? రూల్స్ రాసుడు అయిపోయింది. ఇగ కార్డులు కోయాలె."

"అట్టలే కావాల్నా? వాటి మీద ఏం రాయాలె అని అడగవా?"

"నువ్వు ఊకె తప్పులు తీస్తవ్ తాతా. భాయ్‌తాత అయితే పూరా విని చెప్తడు."

భాయ్‌తాత! ఆ పిల్లకు తాతను నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

అచ్చుతప్పులు పడ్డాయని ప్రెస్సువాళ్లు తూకానికి వేసిన పెళ్లికార్డులు నా దగ్గర కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక కట్ట నిండా నెమళ్లు, ఒకదాని నిండా కలశాలు, ఇంకోదాని నిండా గులాబీలు. అన్నింటికీ వెనక తెల్లగా, మందంగా ఉంటుంది. అటు రాసుకుంటే బొమ్మ ఉన్న వైపు పేకముక్కకు వీపవుతుంది. ఇచ్చాను. వాటిని చంకన పెట్టుకుని తిన్నగా ఎదురింటికే పోయింది. కిటికీలోంచి కత్తెర చప్పుడు వినబడేది. భాయ్ నవ్వు అంతకంటే గట్టిగా వినబడేది.

"గంత కుళ్లుడెందుకు? పోయి కూసోరాదు?" అంది మా ఆవిడ, టీ గ్లాసు పెడుతూ.

"పిలవకుండ నేను యాడికి పోను" అన్నాను.

ఆదివారం పిలిచారు. నా మీద ప్రేమ పొంగి కాదు, ఆటకు ముగ్గురు కావాలని. భాయ్ ఇంటి అరుగు మీద చాప పరిచారు.

"మనం మనుషులం కాదు తాతా, మనమే బ్యాక్టీరియా" అని మొదలుపెట్టింది మనవరాలు.

"మనుషుల పానం తీసేటి వాటి దిక్కు ఆడాల్నా?"

"షురూ అయింది!" అని భాయ్ రెండు చేతులూ పైకెత్తాడు.

ఆట ఇదీ. ముగ్గురం మూడు గుంపుల సూక్ష్మజీవులం. కట్టలోంచి కార్డులు తీస్తూ గుంపును పెంచుకోవాలి. కట్టలో ఎక్కడో పసుపు మందు ఒకటి, నీలం మందు ఒకటి దాగి ఉంటాయి. మందు పడితే, దాన్ని తట్టుకునే గుణం చేతిలో ఉన్నవాడికేం కాదు; లేనివాడి గుంపు మొదటి మందుకు సగం, రెండో మందుకు మొత్తం పోతుంది. ఆ గుణం కార్డులను మనవరాలు జంటగా చేసింది. ఒకటి ఉంచుకుని రెండోది పక్కవాడికి ఇవ్వొచ్చు. నిజం బ్యాక్టీరియా కూడా అంతేనట, తన గుణానికి నకలు తీసి పక్కదానికి ఇస్తుందట. ఇచ్చినదానికి పోయేదేమీ లేదట.

ఇదే అరుగు మీద నేనూ భాయ్ ఏళ్ల తరబడి రమ్మీ ఆడాం. పక్కవాడికి పనికొచ్చే ముక్క వదలాలంటే మాకు ప్రాణం మీదికొస్తుంది. పసుపు మందు పడింది. దాని గుణం జంటగా నా దగ్గరుంది, బతికాను. భాయ్ చేతిలోనూ అలాంటి జంటే ఉంది. మనవరాలి గుంపు సగం పోయింది.

"ఎన్నిసార్లు అడిగిన తాతా! ఇయ్యాలె గదా!"

"రమ్మీల ఇస్తరా ఎవలన్న?"

అప్పుడే ఒకటి గమనించాను. ఆ మందు కార్డు వీపున గులాబీ ఉంది. మిగతా వాటన్నింటి మీదా నెమళ్లూ కలశాలే. కాసేపటికి కట్ట మీద రెండో గులాబీ తేలింది. అంటే నీలం మందు. నా చేతిలో నీలం గుణం లేదు.

సరిగ్గా అప్పుడే భాయ్ నీలం గుణం కార్డు నా ముందుకు తోశాడు. "తీస్కో భాయ్. నాది నాకుంటది."

"నాకక్కర లేదు."

"తీసుకో తాతా, ఊకెనే ఇస్తుండు గదా!"

వారమంతా నా పిల్లను తన ఇంట్లో కూర్చోబెట్టుకున్నాడు. తాత అనే పిలుపు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు నాకు ప్రాణం దానం చేస్తాడట.

"అక్కర లేదంటి గదా! నీ దగ్గర్నే పెట్టుకో."

మనవరాలు కార్డు తిప్పింది. నీలం మందు. తెలిసే చచ్చాను.

"బ్యాక్టీరియా ఎన్నడన్న వద్దంటదా తాతా!" అని తల పట్టుకుంది.

భాయ్ మీసాల్లో నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆగలేకపోయాను. "ఇప్పుడే మందు పడ్తదని నీకెట్ల తెలుసు?"

భాయ్ టీ తాగుతున్నాడు.

"దాని వీపు మీద ఏముంది? చెప్పు!"

"గులాబీ."

"అగో, చూసినవ్! చోర్!"

"నువ్వు భి చూసినవ్. చూడకపోతే గిట్లెట్ల అడుగుతవ్?"

మనవరాలు మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. కార్డులన్నీ తిరగేసి పరిచింది. కోస్తున్నప్పుడు మందులు రెండూ గులాబీ కట్టలోంచే కోసింది. ముఖం చిన్నబోయింది. "రేపు పొద్దున కాలేజీల చూపియ్యాలె. అందరికి తెలిసిపోతదా?"

"పేకాడేటోళ్లకు తెలుస్తది" అన్నాం ఇద్దరం ఒక్కసారే. అలా ఒక్కసారే అన్నందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

వీపులన్నింటికీ ఒకే రంగు కాగితం అంటించాలి. అంత కాగితం మా ఇంట్లోనే ఉంది. అందుకే ఆ పని మా వాకిట్లో పెట్టుకున్నాం. మా ఆవిడ మైదాపిండి ఉడికించి జిగురు చేసింది. గల్లీ దాటి రావడం ఈసారి భాయ్ వంతు. వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. మనవరాలు జిగురు గిన్నెను మధ్యలో పెట్టింది. నేను నా వైపు జరుపుకున్నాను. భాయ్ తన వైపు లాగాడు. మళ్లీ లాక్కున్నాను.

"ఏంది ఈ లొల్లి? రెండు గిన్నెలు తేవాల్నా?" అంది మనవరాలు.

"అక్కర లేదు. నా దగ్గర ఉంటది. కావాలంటే అడుగుమను."

భాయ్ ఒక కార్డు తిరగేసి, దాని మీద కాగితం సరిపెట్టుకున్నాడు. తరువాత అడిగాడు. ఇచ్చాను. అడిగాడు కాబట్టి ఇచ్చాను.