అత్త తప్పు పట్టిన చీటీ

మా మేనత్త పోయింది. కబురు చెప్పడానికి తమ్ముడు భీమిలి నుంచి బస్సెక్కి దువ్వాడలో నేను పాఠాలు చెప్పే కాలేజీకే వచ్చాడు. "అత్త పోనాదక్కా" అన్నాడు. "అలాగా" అన్నాను. మిగిలిన క్లాసు పూర్తి చేసి వాడి వెంట వెళ్లాను. అక్కడా ఏడుపు రాలేదు. నాలుగు రోజులైంది, ఇంకా రాలేదు.

మీరు ఆవిడని చూసి ఉండరు. రేవులో చేపలు కొని, గంపకెత్తుకుని భీమిలి వీధుల్లో అమ్మేది. రోజూ నాకు జడ వేసేది ఆవిడే. నీచువాసన నా జుట్టుకి అంటకూడదని ముందు చింతపండుతో చేతులు తోముకునేది. అమ్మ నన్ను కసిరితే చాలు, "బడికెల్లే పిల్లనేటీ అనకు వదినా" అని అడ్డొచ్చేది.

నాకప్పుడు పదకొండేళ్లు. నాన్నకి పోర్టులో సెలవు దొరికిన రోజు అందరం విశాఖపట్నం వెళ్లాం. ఓడలు చూశాక ఒక మ్యూజియానికి తీసుకెళ్లాడు. అత్త గుమ్మం బయటే చెప్పులు విడిచి, అద్దాల పెట్టెలో ఉన్న తాబేలుకి దణ్ణం పెట్టింది. ఆ పక్క గదిలో సీసాల నిండా చేపలు, సీసా సీసాకీ పేరు రాసిన చీటీ. ఒకదాని ముందు ఆగిపోయింది.

"దీని పేరేటి రాసేరే?"

"కానాగంత" అని చదివాను.

"సరిగ్గా సదువు."

మళ్లీ చదివాను. అత్త కాపలా ఆయన్ని పిలిచింది. "బాబూ, ఇది కానాగంత కాదు, కవ్వ. సీటీ మారిపోనాది."

ఆయన నవ్వాడు. "చదువుకున్నవాళ్లు రాసిందమ్మా. నీకేం తెలుసు?"

"రోజూ మోత్తన్నాను, నాకు తెల్దా?"

చుట్టూ జనం మూగారు. ఆయన నావైపు తిరిగి, "బడికెళ్తున్నావు కదా పాపా, నువ్వు చెప్పు" అన్నాడు.

అది కవ్వే. ముందురోజు తిన్నది ఆ పులుసే. మా ఊళ్లో నడక నేర్చిన పిల్లకైనా తెలుస్తుంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"మా అత్తకి చదువు రాదండి" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్త సీసా మీద పడ్డ తన వేలిముద్రని కొంగుతో తుడిచి పక్కకి జరిగింది. తిరుగు బస్సులో కిటికీ పక్క చోటు నాకే ఇచ్చింది.

తర్వాత నేను జంతుశాస్త్రం చదివాను. చేపల పాఠం వచ్చిన ప్రతిసారీ, ఈసారి వెళ్లినప్పుడు ఆ మాట ఎత్తి తప్పు ఒప్పుకోవాలి అనుకునేదాన్ని. వెళ్లేదాన్ని, పెట్టింది తినేదాన్ని, వచ్చేసేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆవిడ లేదు.

మ్యూజియం చూసొచ్చిన ఆ సాయంత్రం భీమిలిలో బస్సు దిగగానే రేవు ఆడవాళ్లు ఎదురొచ్చారు. "పట్నంలో ఏటి సూసేవొదినా?" అని అత్తని అడిగారు. ఇప్పుడు చెప్పేస్తుందని భయపడి నాన్న వెనక నక్కాను. అత్త నన్ను చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

"నా కోడలు సీటీలన్నీ గడగడా సదివేసిందే! ఒక్క దగ్గర తడుముకోనేదు" అంది.