పై వరస, కింది వరస

"మా పాపకి కూడా నిద్రలోనే గుండె ఆగిపోతుందా?"

మున్సిపల్ ఆఫీసు రికార్డు గదిలో అడుగుపెడుతూనే ఆ మాట నా నోట జారిపోయింది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్న పెద్దాయన తలెత్తాడు. ముప్పై ఏళ్లుగా జనన మరణ రిజిస్టర్లు చూస్తున్న ఆయన్ని ఆఫీసంతా చావుపుట్టుకల తాత అంటారు.

"ముందు కూర్చో తల్లీ. తర్వాత భయపడదాం."

నాలుగు నెలల మా పాప గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందన్నాడు డాక్టరు. మీ ఇంట్లో పసితనంలో గుండె జబ్బుతో పోయినవాళ్లున్నారా అని అడిగాడు. మా నాన్న అన్నలిద్దరూ పసితనంలోనే, నిద్రలో పోయారని నానమ్మ చెప్పేది. ఎందుకు పోయారో ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

వాళ్ల పేర్లు చెప్పబోయాను. "పసివాళ్ల పేర్లు సరిగా రాసేవాళ్లు కాదు. ఇంటి నంబరు చెప్పు" అన్నాడు. నాన్న పుట్టకముందటి ఏళ్ల మరణాల రిజిస్టరు దించి, కాగితం చిరగకుండా చెక్క స్కేలుతో పేజీలు తిప్పసాగాడు.

"ఊరందరి పుట్టుకలూ నా దగ్గరున్నాయి, నాదే లేదు. మా నాన్న రాయించడం మర్చిపోయాడు. ఈ లెక్కన నేనింకా పుట్టలేదు."

నాకు నవ్వు రాలేదు. స్కేలు ఆగింది. మా ఇంటి నంబరు. రెండు వరసలు, రెండు రోజుల తేడా. మరణ కారణం: గుండె ఆగి.

"చాలు తాతగారూ, మూసెయ్యండి."

"ఏం చాలు? గుండె ఆగకుండా ఎవరు పోతారే పిచ్చితల్లీ? పైన చదువు."

పక్కింటి మూడేళ్ల పిల్ల: గుండె ఆగి. ఎదురింటి ముసలాయన: గుండె ఆగి. ఆ పేజీలో పద్నాలుగు మంది. ఒకే వీధి, ఒకే వారం, ఒకే చేతిరాత.

"ఈ గుమాస్తా ఎవరు పోయినా ఇదే రాసేవాడు" అంటూ తాత పేజీ తిప్పాడు. అక్కడ చేతిరాత మారింది. వీధి మారలేదు. కారణం: వాంతులు, విరేచనాలు. వరసగా అందరికీ అదే. మా వీధికి కలరా వచ్చిన వారమది; నిద్రలో పోయారన్నది నానమ్మ మాకోసం మెత్తగా చెప్పిన మాట.

పోల్చి చూడకుండా ఏదీ తేల్చకూడదని ఐదేళ్లు జీవశాస్త్రం చదివి నేర్చుకున్నదాన్ని. ఆ గదిలో ఆ ముక్కే గుర్తు రాలేదు.

ఆయన నకలులో మా రెండు వరసలే కాదు, రెండు పేజీలూ రాసిచ్చాడు. "పరీక్ష మాత్రం మానకు. ఈ పుస్తకం డాక్టరు కాదు."

పరీక్షలో చిన్న రంధ్రం కనిపించింది, దానంతటదే పూడుతుందన్నారు. అయినా పాప జ్వరం రాసుకునే నోటుబుక్కులో ఒక్క అంకె పెరిగితే ఇప్పటికీ డాక్టరుకి ఫోన్ చెయ్యబోతాను. అప్పుడు, ఆ రోజు గుమ్మం దాకా వచ్చి తాత చెప్పినట్టే చేస్తాను:

"ఒక్క వరస చదివి ఏడవకు తల్లీ. పైదీ కిందిదీ చదివాక ఏడుద్దువుగాని."