అద్దాల కేబిన్‌లో పదకొండు టేకులు

స్టూడియో ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తారు. వెనక గదిలో సినిమా ఉంది. ఆ వెనక గది నిజానికి పాత పరదాలు, విరిగిన లైటు స్టాండ్లు పడేసుకునే స్టోర్‌రూమ్. కిటికీకి పరుపు అడ్డం పెట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కి, ఫ్యాన్ ఆపేస్తే డబ్బింగ్ థియేటర్ అవుతుంది. ఫ్యాన్ వేస్తే మైకులో రొద, ఆపితే ఒంటినిండా చెమట. నాలుగు నెలలుగా స్టూడియో యజమాని ఆ రెంటి మధ్య నలుగుతున్నాడు.

వీధిలో అతన్ని ‘ఇంటర్వెల్’ అంటారు. మొదలుపెట్టి మూడేళ్లయినా ఆ సినిమా ఇంటర్వెల్ దాటలేదని ఎవరో అన్న మాట అతనికి అతుక్కుపోయింది. ఫొటో కోసం వచ్చినవాళ్లు కూడా, గడ్డం కాస్త పైకెత్తమనగానే, “మమ్మల్నీ అందులో పెట్టేస్తున్నావా ఏంటి?” అని ఒక రాయి విసిరిపోతారు.

కథ చిన్నదే. పార్కింగ్ స్థలంలో అద్దాల కేబిన్‌లో కూర్చునే కాపలాదారు ఒకడు. డ్యూటీ మార్చుకోవడానికి రావాల్సిన రెండో మనిషి రాడు. హీరోగా వేసిన స్నేహితుడు నాలుగు నెలలు నటించి, ఉద్యోగం దొరకగానే మీసం తీసేసి కనిపించాడు. తీసినదంతా చెత్తబుట్టలోకి పోయింది. అప్పుడు మామగారు ముందుకొచ్చారు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, ఖాకీ చొక్కా తన దగ్గరే ఉందన్నారు. కూర్చోమంటే కూర్చుంటారు, చూడమంటే చూస్తారు. డైలాగు మాత్రం ఒక్కటీ నోటికి రాదు.

ఇంటర్వెల్ తేలిక దారి పట్టాడు. ఏదో ఒకటి అనండి మామయ్యా, పెదాలు కదిలితే చాలు, మిగతాది డబ్బింగ్‌లో చూసుకుందాం అన్నాడు. ప్రతి ఆదివారం అదే మాట. కాగితం మీదున్న డైలాగులే ఆయన అటూ ఇటూగా చెబుతున్నారని అనుకున్నాడు. మైకు పట్టుకునే మనిషి లేడు, దూరం నుంచి జూమ్ చేసి తీయడంతో ఏం అంటున్నారో విన్నవాడూ లేడు.

షూటింగ్ అయిన నెలకి మామగారి గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇంత నొప్పి పెట్టుకుని ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరు నిలదీస్తే, ఆయన ఎవరికీ చెప్పలేదని ఇంటిల్లిపాదీ ఒకే మాట అన్నారు.

సినిమా అక్కడ ఇరుక్కుంది. ఆపేద్దామంటే, మెడకి రుమాలు చుట్టుకుని మామగారు రోజూ తొమ్మిదింటికల్లా వచ్చి, ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంటున్నారు. పూర్తి చేద్దామంటే గొంతు లేదు. మిమిక్రీ చేసే ఒకాయన్ని, నాటకాలు వేయించే ఒక మాస్టారిని పిలిపించాడు. ఇద్దరూ కాగితంలోని డైలాగులు చెప్పారు. ఒక్కటీ పెదాలకి అతకలేదు. మామగారు ఫొటోల కవరు తిరగేసి, దాని మీద పెన్సిలుతో ‘వీడెవడు?’ అని రాసి అల్లుడికి చూపించారు. మాస్టారు అది చదవనే చదివాడు. మళ్లీ రాలేదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు క్యారియర్ తీసుకుని వచ్చారు. ఇరవై ఆరేళ్లు నేత మిల్లులో పనిచేసిన మనిషి. మగ్గాల హోరుకి చెవులు సగం పోయాయి. అక్కడి ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూనే కబుర్లు చెప్పుకునేవారు. తెర మీద కాపలాదారు తనని పనిలోంచి తీసేసిన ఉత్తరం చదువుతూ కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆవిడ పకపకా నవ్వారు.

“ఎందుకు నవ్వుతున్నారత్తయ్యా?”

“ఏడుస్తూ ఆ మాటలేంటి బాబూ? ‘ముందుకి జరగండమ్మా, టిక్కెట్టు తీసుకోనివాళ్లు చెయ్యెత్తండి’ అంటున్నారు మీ మామయ్య.”

అతను వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. మాటా పెదవీ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మామగారు పైకప్పుని పరిశీలిస్తూ కూర్చున్నారు.

మూడు రోజులు ఆవిడ చెబుతుంటే అతను రాసుకున్నాడు. కాపలాదారు చచ్చిపోయిన భార్యతో మాట్లాడే చోట, చిల్లర లేనివాళ్లు దిగిపోండన్నాడు. కొడుకుని క్షమించే చోట, అత్తగారి వంటలో ఉప్పెక్కువైందని సణిగాడు. ఆ ముక్క దగ్గర ఆవిడ మొగుడి వీపు మీద ఒకటి చరిచారు. పెదాలు ఏం పలికాయో తెలిస్తే వాటికి సరిపడే మాటలు అల్లుకోవచ్చు. నాలుగు నెలల తర్వాత ఇంటర్వెల్‌కి కాస్త ఊపిరాడింది.

నాలుగో రోజు అద్దాల కేబిన్ సీను వచ్చింది. సినిమాకి ప్రాణం అదే. కాపలాదారు లోపల ఒంటరిగా తనలో తాను మాట్లాడుకుంటాడు, కెమెరా రోడ్డు అవతలి నుంచి చూస్తుంది. షూటింగ్ రోజు మామగారి మొహంలో కనిపించిన బాధకి ఇంటర్వెల్ పొంగిపోయాడు. పదకొండు టేకులు తీశాడు. ప్రతి టేకు తర్వాతా బొటనవేలు పైకెత్తి, ఆ బాధ అలాగే ఉంచండి, ఇంకొక్కటి అని సైగ చేశాడు.

మొదటి టేకు చూసి అత్తగారు తెరకి దగ్గరగా జరిగారు. రెండోది వేయమన్నారు. మూడోది కూడా.

“కండక్టరు మాటలేనా?” అన్నాడు అతను.

ఆవిడ మొగుడి వైపు చూశారు. ఆయన తల తిప్పుకున్నారు.

“‘గొంతు మండిపోతోంది అల్లుడూ. రక్తం పడుతోంది. ఇక ఇంటికి పోదాం’ అంటున్నారు,” అన్నారు ఆవిడ, తూకం వేసినట్టు ఒక్కో మాటా విడదీసి. “మూడిట్లోనూ అదే.”

ఎనిమిదో టేకుకి వాక్యం తగ్గిపోయి ‘అల్లుడూ, అల్లుడూ’ మిగిలింది. చివరి రెండింటిలో పెదాలు కదిలాయి కానీ మాటంటూ లేదు.

గదిలో చూపు తిప్పుకోవడానికి చోటు లేదు. ఎటు చూసినా గోడో, తెరో, మామగారో. కేబిన్‌లోంచి బయటికొచ్చాకైనా చెప్పొచ్చు కదా అని అత్తగారు మొగుణ్ణి గట్టిగానే అడిగారు. ఆయన కవరు తీసుకుని నిదానంగా రాసి ఇచ్చారు.

‘వచ్చాక అల్లుడి మొహం చూశాను. మూడేళ్లలో మొదటిసారి నవ్వుతున్నాడు.’

ఇంటర్వెల్ లేచి తెర ప్లగ్గు పీకేశాడు. ఈ సినిమా వద్దు మామయ్యా, ఇంక నావల్ల కాదు అన్నాడు. అద్దానికి అవతల నిలబడి తను బొటనవేలు ఎత్తిన సంగతి కూడా చెప్పబోయి ఆగిపోయాడు. అది మామగారు చూసిందే.

మామగారు వంగి, కాళ్ల దగ్గర పడున్న ప్లగ్గు తీసి మళ్లీ పెట్టారు. రాశారు: ‘పదకొండుసార్లు చేశాను. ఒక్కటైనా వాడుకో. నేనన్న మాటే ఉంచు, మార్చకు.’ పెన్సిలు మొన భార్య వైపు తిప్పారు.

“నేనా? నా గొంతు నాకే సరిగ్గా వినపడి చావదు. చూసినవాళ్లు నవ్వుతారు.”

ఆయన భుజాలెగరేశారు. నవ్వితే నవ్వనీ అన్నట్టు.

ఆవిణ్ణి మైకు ముందు కూర్చోబెట్టారు. పెదాలు ఎక్కడ మొదలవుతాయో చూసుకుని అందుకోవడం ఆవిడకి మొదట్లో కుదరలేదు. మామగారు పక్కన నిలబడి, తెర మీద తన నోరు తెరుచుకునే క్షణానికి ఆవిడ భుజం తట్టారు. మొదటిసారి ఆవిడ మిల్లులో అరిచినట్టు అరిచారు. మామగారు చెయ్యి కిందికి ఊపారు. రెండోసారి గొంతు దించి, మొగుడి మాటని మొగుడికే చెబుతున్నట్టు చెప్పారు. ముసలి మగవాడి పెదాల మీద ముసలి ఆడదాని గొంతు. వింతగా ఉంది. కానీ అతికింది.

ఆ వాక్యం విన్నంతసేపూ మామగారు తెర చూడలేదు, అల్లుడినే చూశారు. అల్లుడు తల వంచుకుని, సౌండు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని మళ్లీ పెట్టుకుని వినాల్సి వచ్చింది. ఆరుసార్లు విన్నాడు. తర్వాత సేవ్ చేశాడు.

మామగారు డబ్బింగ్ చేయాల్సిన సీన్ల జాబితాలో ఆ సీను కొట్టేసి, తర్వాతి దాని కింద వేలు పెట్టారు. ఇంకా ముప్పై ఏడు ఉన్నాయి.