అలిగిన తమాలెలు

దోన్యా ఎదువీహెస్ తన వంట గుండిగ ముందు మోకరిల్లి క్షమాపణ అడిగిందని మెక్సికో కొండల్లోని రియల్ దెల్ మోంతేలో అందరూ అంటారు. కళ్ళతో చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. కాళ్ళు కూడా పట్టుకుందంటారు. గుండిగకి కాళ్ళెక్కడివని నన్నడక్కండి.

ముప్పై ఏళ్ళుగా చర్చి మెట్ల దగ్గర ఆమెదే బండి. మొక్కజొన్న పిండిలో పంది మాంసం, పచ్చిమిర్చి పెట్టి, పొత్తుల మీది ఆకులో చుట్టి ఆవిరికి ఉడికించిన తమాలెలు. ఆ ఏడు కందెలారియా పండగకి, అంటే ఊరంతా తమాలెలు తినే రోజుకి, రాజధాని నుంచి రెండు బస్సుల జనం కొండెక్కి వస్తున్నారు, ఆమె చేతి తిండి కోసమే.

పొద్దున్నే తమాలెలు చుడుతూ, ఉప్పు దగ్గర ఆడపడుచు ఒబ్దూలియాతో గొడవపడింది. గుండిగ పక్కనే! పొయ్యి దగ్గర తిట్టుకుంటే తమాలెలు అలుగుతాయి. అలిగాయా, యుగాంతం దాకా ఉడకవు.

పొయ్యి మీద పెట్టి మూడు గంటలైంది. ఒకటి విప్పితే పిండి ఆకుకి జిగురులా అంటుకుంది. ఎదువీహెస్ దాన్ని గబగబా మళ్ళీ చుట్టి గుండిగలో పడేసింది. ఒక్కసారి పచ్చివి అమ్మినందుకు పక్క వీధి ఫిలెమోనా బండి మీద పదకొండేళ్ళుగా ఈగ కూడా వాలలేదు. చర్చిలో పూజ అప్పుడే సగమైంది.

“నీ నోటి వల్లే వదినా,” అంది ఒబ్దూలియా.

“నా నోరా? నీ నాలుకకి పాలు విరుగుతాయే!”

గుండిగలో బుడబుడ ఆగిపోయింది. ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

“ఇంకొక్క మాటన్నావో, చచ్చామే,” గుసగుసలాడింది ఒబ్దూలియా. “వీటి అలక తీరాలంటే గుండిగ చుట్టూ నాట్యం ఆడాలి. ఇద్దరం, చేతులు పట్టుకుని.”

“నీ చెయ్యా? పామునైనా పట్టుకుంటాను.”

“పాముతో ఆడితే తమాలెలు ఉడకవు. హారన్ వినబడుతోందా?”

వినబడింది. మంచులోంచి, మలుపు దగ్గర. ఎదువీహెస్ ఆ చెయ్యి పట్టేసుకుంది. గుండిగ చెవులకి పొత్తాకు రిబ్బన్లు కట్టి, ఇద్దరూ పళ్ళు బయటపెట్టి నవ్వుతూ చుట్టూ తిరిగారు.

“బంగారు తల్లులూ, మేం కొట్టుకోలేదమ్మా, ముచ్చట్లాడుకున్నాం,” అంటోంది ఎదువీహెస్. ఆ నవ్వు దొంగదని గుండిగ కనిపెట్టేస్తుందేమోనని ఇంకా వెడల్పుగా నవ్వుతోంది.

బుడబుడ మళ్ళీ మొదలైంది. అయినా ఒకటి విప్పి చూసే ధైర్యం లేదు. బస్సు దిగిన లావుపాటాయన చేతిలో మొదటిది పెట్టి, కళ్ళు మూసుకుంది. ఆకు శుభ్రంగా ఊడొచ్చింది. ఆయన తొమ్మిది తిని, పదోదానికి ప్యాంటు గుండీ విప్పాడు.

అడిగితే ఎదువీహెస్ గరిటె ఎత్తుతుంది.

“నేనా? ఆడానా? ఆ ఒబ్దూలియాతోనా? మంట తగ్గింది, కట్టె వేశాను, అంతే. దానికి అడుగు వెయ్యడమే రాదు, నా బొటనవేలు పచ్చడి చేసింది… అసలేమీ జరగలేదు, పో!”