బావ బొటనవేలు

మా పలాస ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే బావ, కుడికాలి చెప్పు విప్పితేగానీ పాట ఎత్తుకునేవాడు కాదు. కాలి దగ్గర చిన్న రేకుపెట్టె, దానికి ఒకటే స్విచ్. బొటనవేలితో నొక్కితే మెత్తగా పలికే ఆంప్ స్పీకరు గర్జించేది, ఎకో కూడా దాంతోపాటే వచ్చేది.

"ఆంప్‌కొకటి, ఎకోకొకటి తొక్కుతూ గెంతడానికి నానేటి కోతినా?" అనేవాడు.

నందిగాంలో ఒక పెళ్లిలో అప్పగింతల పాట వాయిస్తూ తనే ఏడ్చేశాడు. వేలు వణికి స్విచ్ మీద పడింది. గిటార్ గర్జించేసరికి, ఏడుస్తున్న పెళ్లికూతురు ఫక్కున నవ్వేసింది.

"ఏటి సేసినావు బావా?" అన్నాను.

"నాను కాదు, వేలు," అన్నాడు.

టెక్కలిలో తన కూతురి అప్పగింతలప్పుడు గిటార్ ఎత్తుకున్నాడుగానీ, చెప్పు మాత్రం విప్పలేదు. కీబోర్డు వాయించే నా కాళ్ల దగ్గరికి ఆ పెట్టెను తోసేశాడు.

"ఇయ్యాల దీన్ని నువ్వు సూసుకో బావా," అన్నాడు నాతో.